మోత లేని గజ్జెలు

నూర్ అహమ్మద్ నోరు చెడ్డదని ఎవరూ అనరు. అయితే ఆ బేస్తవారం కుందుర్పి సంతలో ఆ నోటికి ఏం పుట్టిందో ఏమో, పూసలమ్ముకునే భద్రమ్మ మీద విరుచుకుపడినాడు.

"ఏమమ్మా, పోయిన వారం నువ్వు అంటగట్టిన గజ్జెలు ఇవేనా? చూడు, ఊపుతాండా. మోత యాడుండాది? బిడ్డ కాళ్లకు కడితే ఒక్కటంటే ఒక్కటి పలకల్యా. మూగ గజ్జెలిచ్చి దుడ్లు తీసుకుంటావా?"

భద్రమ్మ గోనెపట్ట మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చునుండాది. ఆయన చేతిలోని గజ్జెలను, ఆయన మొగాన్ని మార్చి మార్చి చూసింది.

"అయ్యో, మోగుతాండాయి గదా సాయిబూ! నీ చేతిలోనే మోగుతాండాయి."

"మోత గురించి నాకు చెప్తావా నువ్వు?"

ఆ ఒక్క మాటతో భద్రమ్మ పని అయిపోయింది. కళ్యాణదుర్గం మొదలుకొని కన్నడ దేశం అంచు దాకా, చెనిక్కాయ మిల్లుల్లో వేరుశనగ పొట్టు ఎగరగొట్టే బ్లోయరుకు ఏ జబ్బు చేసినా మోత విని చెప్పేది నూర్ అహమ్మదే. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద పెట్టి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి, కండ్లు మూసుకుని, "ఒక రెక్క అరిగింది, విప్పండి" అంటాడు. విప్పి చూస్తే అరిగే ఉంటాది. అట్లాంటి చెవి మోత లేదని చెప్తే, ఇంక ఎవరి చెవి ఉండాదని చెప్పాల? గజ్జెలు గల్లుగల్లుమంటానే ఉండాయి, చుట్టూ చేరిన జనం మాత్రం "అవునప్పా, మోత లేదు, లోపల మంచి గుండ్లు ఏసినట్టు లేరు" అని తలకాయలు ఊపినారు. మనుషులు ఇట్లాంటోళ్లే. పేరున్నోడు చెప్తే సొంత చెవిని గూడా నమ్మరు.

అంతటితో పోలేదు. ముందరి వారం కొన్న ఇద్దరు ఆడోళ్లు గూడా తమ గజ్జెలు తెచ్చి గోనెపట్ట మీద పారేసినారు. సంత గుత్తదారు వచ్చి, "మోసం సరుకు అమ్మేదానికి రేకుల నీడ యాలమ్మా? వచ్చే వారం నుంచి ఆ గొర్రెల పక్కకు పోయి కూర్చో" అన్నాడు. భద్రమ్మ మొగుడు పోయిన మనిషి. ఆ రేకుల కింద ఆమె పదేండ్లుగా కూర్చుంటాంది. కొంగుముడి విప్పి ముగ్గురి దుడ్లూ లెక్కబెట్టి తిరిగిచ్చింది.

"చెవులు చూపించుకో సాయిబూ. నా కడుపు కొట్టినావు," అనింది.

నూర్ అహమ్మద్‌కు అది తిట్టు మాదిరి తగిలింది. గజ్జెలను ఆమె ముందర పడేసి తిరిగినాడు. కళ్యాణదుర్గం మిల్లు యజమాని నబీ సాబ్ పొట్టేలు బేరం చేసుకుంటా ఇదంతా చూసి నవ్వినాడు.

"శభాష్ నూరూ! ఆ చెవిని భద్రంగా పెట్టుకో. ఒక్క మంచి వాన పడి చెనిక్కాయ పండనీ, మిల్లు తెరుస్తా. మొదటి కబురు నీకే."

మూడేండ్లుగా ఆయన ఆ మాట అంటానే ఉండాడు. మూడేండ్లుగా ఆ వాన పడలేదు.

ఇంటికి పోయి చెప్తే, జొన్నరొట్టె తట్టుతాండే భార్య అమీర్ బీ చెయ్యి ఆపింది. "బిడ్డ నడుస్తాంటే నాకు వినపడతానే ఉండె గదా?"

"నీకేం తెలుసు? నీకు గాజుల మోతకు గజ్జెల మోతకు తేడా తెలీదు."

అమీర్ బీ మళ్లా రొట్టె తట్టను మొదలుపెట్టింది. ఆమెకు గూడా ఆ చెవి మీద అంత నమ్మకం. మూడేండ్ల మేరాజ్ మాత్రం వచ్చి బోసికాళ్లు నేలకేసి కొట్టి, "నా గల్ గల్ యాడబ్బా?" అని అడిగింది. బిడ్డను ఎత్తుకుని, "మంచివి తెస్తాలేమ్మా, నేను విని తెస్తా" అన్నాడు.

* * *

ఊరికి పడమట బోడిగుట్ట మీద బెంగుళూరోళ్లు ఫ్యాను పెట్టి అప్పటికి ఎనిమిది నెలలు. ఇంట్లో వేలాడే ఫ్యాను కాదు. విమానం ఇంజను మూతి దగ్గర తిరిగే ఫ్యానుకు చిన్న నమూనా. సైకిలు చక్రమంత గుండ్రని గొట్టం, దాన్లో ఇరవై రెండు రెక్కలు, వెనక ఇటుకల గదిలో మోటారు. ముందర ఒకదాని కన్నా ఒకటి దూరంగా ఆరు స్తంభాలు, ఒక్కోదాని కొనన ఒక మైకు. విమానం ఊర్ల మీద పోతాంటే కింద మనుషుల చెవులు పగలగూడదంట. అందుకని ఫ్యాను ఎంత మోత పెడతాదో ముందే కాగితం మీద లెక్క కట్టాల, ఆ లెక్క నిజమా అబద్ధమా అనేది ఈడ తిప్పి చూడాల. మోత కొలిచే చోట వేరే మోత ఉండగూడదు. బోడిగుట్ట మీద చెట్టు లేదు కాబట్టి ఆకు గలగల లేదు, నీళ్లు లేవు కాబట్టి కప్ప లేదు, పైరు లేదు కాబట్టి పక్షి లేదు. ఎనభై ఒకటో సంవత్సరంలో మా కరువును మెచ్చుకుని వచ్చినోళ్లు వీళ్లొక్కరే.

ఆ లెక్కల మనిషి రామదాసు సారు. ధర్మవరంలో పట్టుమగ్గాల ఇంట్లో పుట్టి పెద్ద చదువులు చదివినాడు. అయినా మిల్లులు మూతపడినాక ఈడికి దినకూలికి వచ్చే నూర్ అహమ్మద్‌ను నోరారా "నూరన్నా" అంటాడు, తన టీలో సగం ఆయనకు పోస్తాడు. మంచోడు. అది ముందే చెప్పి పెట్టాల.

శుక్రవారం పొద్దున్నే, గాలి లేయకముందే మోటారు ఏసేదానికి అందరూ చేరినారు. ఫోర్‌మన్ లింగప్ప రిజిస్టరు పట్టుకుని వచ్చినాడు. "చెవి చిప్పలు ఏసుకున్నట్టు సంతకం పెట్టన్నా." మందంగా స్పాంజి కుట్టిన చిప్పలు అవి, తలకు అడ్డంగా పట్టీ. నూర్ అహమ్మద్ సంతకం పెట్టి, చిప్పలు తగిలించుకున్నాడు.

మోటారు లేసింది. మొదట గాలి ఊదినట్టు, తర్వాత ఏడ్చినట్టు, తర్వాత ఈల. రామదాసు సారు లెక్క సులభమైందే: ఫ్యాను సెకనుకు రెండు నూర్ల చుట్లు తిరుగుతాది, చుట్టుకు ఇరవై రెండు రెక్కలు మైకు ముందర నుంచి పోతాయి, అంటే సెకనుకు నాలుగు వేల నాలుగు నూర్ల దెబ్బలు. అదే ఈల. మైకులకు తగిలించిన మిషనులో పెన్ను కాగితం మీద ఒక్క పొడుగాటి గీత గీయాల. గీసింది గూడా. అయితే దాని పక్కన గీయకూడని గీతలు గూడా గీసింది, దువ్వెన పండ్ల మాదిరి వరసగా. రెక్కల కొసలు మోత పరిగెత్తే వేగాన్ని దాటి గాలిని చీల్చే స్పీడు వచ్చినప్పుడల్లా ఇదే గోల. నెల దినాలుగా రామదాసు సారుకు ఆ పండ్లు యాడ నుంచి వస్తాండాయో తెలీక నిద్ర లేదు.

కొలతల గది గాజు కిటికీ వెనక నుంచి ఆయన రెండు చేతులతో చెవుల మీద నుంచి ఏదో ఎత్తి తీసేసినట్టు సైగ చేసినాడు. తీసేసి విను అని. ఎనిమిది నెలలుగా ప్రతి పొద్దూ చేసే సైగే. నూర్ అహమ్మద్‌కు దాంతో పని గూడా లేదు. మిల్లుల్లో చెవి మూసుకుని పనిచేసే మెకానిక్కు యాడుండాడు? చెవి మూసుకున్నోడు చెయ్యి పోగొట్టుకుంటాడని వాళ్ల మాట. బెల్టు తెగేముందు చిన్నగా మూలుగుతాది, అది విననోని చెయ్యి దాంతోనే పోతాది. చిప్పలు తీసి మెడకు తగిలించుకుని గొట్టం పక్కకు నడిచినాడు. ఆ ఈలకు చిప్పలున్నా లింగప్పకు పండ్లు జివ్వుమంటాయి. నూర్ అహమ్మద్ మాత్రం పాట వినేవాని మాదిరి తల వంచి నిలబడినాడు. చూసినోళ్లకు అది గూడా గొప్పగానే ఉండేది.

మోటారు ఆపినాక లోపలికి వచ్చి చెప్పినాడు. "రంపం కోసినట్టు గర్ర్‌మంటాండాది సార్. అది రెక్కల లెక్క కాదు, చుట్టు లెక్క."

"అంటే యట్ల?"

"ఇరవై రెండు రెక్కలూ ఒకే తీరుగా ఉంటే అన్నీ కలిసి ఒకే కూత కూయాల. కూయడం లేదు. ఒకటి రోంత ఎక్కువ మెలి తిరిగింది, ఒకటి రోంత తక్కువ. ఆ తేడా రెక్కలన్నీ ఒక పక్కకే చేరినాయి. అందుకని చుట్టుకొకసారి గాలి వాటి చేతిలో దెబ్బ తింటాంది. మిల్లులో అయితే కొత్త రెక్క ఏసినప్పుడు దాని ఎదురుగా ఇంకో కొత్తది ఏస్తాం. వియ్యంకులను ఎదురెదురుగా కూర్చోబెట్టినట్ల."

రామదాసు సారు పెన్సిలు కింద పెట్టినాడు. "నా లెక్కలో రెక్కలన్నీ ఒకటే అనుకున్నా నూరన్నా. మొదటి గీతలోనే అట్ల అనుకున్నా." కాసేపు ఆయన మొగం పిల్లోని మొగం మాదిరి అయింది. "అయినా ఆ ఈలలో నీకు రంపం యట్ల వినపడిందప్పా? నాకు ఈల తప్ప ఇంకొకటి చెవిలోకి దూరదు."

"అల్లా ఇచ్చిన చెవి సార్."

"బుధవారం బెంగుళూరు నుంచి డైరెక్టరు వస్తాండాడు. ఆ లోపల రంపం పోగొడదాం. ఒక్క పర్మనెంటు టెక్నీషియను పోస్టు ఉండాది, ఫారంలో నీ పేరే రాస్తా. క్వార్టర్సు, డాక్టరు, పింఛను, అన్నీ ఉంటాయి. ఇంక వాన కోసం ఆకాశం పక్క చూడాల్సిన పని లేదు నీకు."

సంతోషం నూర్ అహమ్మద్ మొగంలో దాగలేదు. ఆ పొద్దు జుమ్మా నమాజులో ఆయన అడిగింది ఆ ఒక్కటే.

* * *

శనివారం, ఆదివారం, సోమవారం రెక్కలతోనే గడిచినాయి. ఇరవై రెండూ విప్పి, కిరోసిన్‌తో తుడిచి, ఒక్కోదాని వేరు మీద సుద్దతో నెంబరు ఏసినారు. రామదాసు సారు గేజి పెట్టి మెలి కొలుస్తాంటే నూర్ అహమ్మద్ బొటనవేలితో రెక్క అంచును వేరు నుంచి కొస దాకా తడిమి, గేజి చెప్పకముందే "ఇది ఎక్కువ" "ఇది తక్కువ" అంటాండె. తేడా ఎంత? వెంట్రుక వాసి. పద్దెనిమిదింటికి గేజి గూడా అదే మాట చెప్పింది. మిగిలిన నాలుగింటికి ఇద్దరూ వాదులాడుకున్నారు.

తర్వాత షెడ్డు నేల మీద గోనెపట్ట పరిచి, రెక్కలను గుండ్రంగా పేర్చినాడు. ఎక్కువ మెలి ఉన్నదానికి ఎదురుగా అంతే ఎక్కువది. తక్కువదానికి ఎదురుగా తక్కువది. పక్కపక్కన మాత్రం గొడవపడేవి రాకూడదు. పేర్చడం, లేసి దూరంగా పోయి చూడడం, మళ్లా వచ్చి రెండింటిని మార్చడం. లింగప్ప నవ్వినాడు. "ఏమప్పా, పెండ్లిలో బంతి వేస్తాండావా? ఎవరెవరి పక్కన కూర్చోవాల్నో నువ్వే చెప్తాండావే!"

"బంతిలో తప్పయితే అలిగి లేసిపోతారు. ఈడ తప్పయితే రెక్క లేసి మన మెడ మీదికి వస్తాది," అన్నాడు నూర్ అహమ్మద్. ఆ మాటకు రామదాసు సారు గూడా నవ్వినాడు.

మంగళవారం బిగించినారు. బోల్టుకు ఎంత బిగువు పెట్టాల్నో అంత, ఒక గీత ఎక్కువ లేదు, ఒక గీత తక్కువ లేదు. బిగించినాక ఫ్యానును చేత్తో తిప్పి వదిలితే నెమ్మదిగా తిరిగి తిరిగి, ఏ పక్కకూ వాలకుండా ఆగింది. నూర్ అహమ్మద్ చేతులు కడుక్కుని, ఆ పొద్దు ఇంటికి పోయేటప్పుడు దారిలో రెండుసార్లు నవ్వుకున్నాడు. క్వార్టర్సులో బిడ్డకు చదువుకునే బడి ఉంటాదా లేదా అని అమీర్ బీ అడిగితే, ఉంటాదనే చెప్పినాడు. ఆయనకు తెలీదు. అయినా చెప్పినాడు.

* * *

బుధవారం పొద్దున రెండు జీపులు వచ్చినాయి. డైరెక్టరు, ఇంకో నలుగురు. రామదాసు సారు నూర్ అహమ్మద్‌ను పిలిచి, ఆరో స్తంభం దగ్గర నిలబడమన్నాడు. అది అన్నిటికన్నా దూరం, రెండు నూర్ల గజాలు. "చిప్పలు తీసి ఆడ నిలబడు. రంపం రోంత వినపడినా చెయ్యెత్తు. లేకుంటే ఊరకుండు."

నూర్ అహమ్మద్ పోయి నిలబడినాడు. ఎండ ఇంకా తీక్షణం కాలేదు. గుట్ట మీద చల్లగా గాలి తోలినట్టుండాది. సన్నగా సొదసొదమని ఏదో వినపడతాంది, కొండగాలి అనుకున్నాడు. మోటారు ఎప్పుడు ఏస్తారా అని చూస్తా నిలబడినాడు. నిలబడినాడు, నిలబడినాడు. చెవి రిక్కించి, శ్వాస బిగబట్టి. రంపం లేదు. ఏమీ లేదు. కరెంటు పోయిందేమో అనుకున్నాడు. మా వైపు కరెంటు సంగతి తెలిసిందే గదా.

చాలాసేపటికి రామదాసు సారు గదిలో నుంచి బయటికొచ్చి, పెద్ద పెద్ద అంగలు వేసుకుంటా ఈ పక్కకు వచ్చినాడు. మొగమంతా నవ్వు. చేతిలో కాగితం. నూర్ అహమ్మద్ ఎదురుపోయినాడు.

"ఏం సార్, ఇంకా ఆలస్యమా? ఎప్పుడు ఏస్తారు?"

రామదాసు సారు నవ్వు మొగం మీదనే ఆగిపోయింది.

అప్పుడు నూర్ అహమ్మద్ ఆయన భుజం మీదుగా చూసినాడు. గది ముందర డైరెక్టరు, ఆ నలుగురు, లింగప్ప, జీపు డ్రైవర్లు, అందరూ అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుని, మొగాలు చిట్లించుకుని నిలబడినారు. రామదాసు సారు తలకూ చిప్పలుండాయి. చేతులు నడుము మీద పెట్టుకుని ఊరికే నిలబడినోడు ఆ గుట్ట మీద తానొక్కడే.

రామదాసు సారు చెయ్యెత్తి ఊపినాడు. లింగప్ప పరిగెత్తి మోటారు ఆపినాడు. ఆ సన్నటి సొద ఆగిపోయింది. కొండగాలి కాదు అది.

డైరెక్టరు చూడనే చూసినాడు. కాగితం మీద దువ్వెన పండ్లన్నీ రాలిపోయి ఒక్క ఈల గీత మిగిలినందుకు రామదాసు సారు చెయ్యి పట్టుకుని ఊపినాడు. తర్వాత ఈ పక్క గడ్డం ఎత్తి, "పోస్టుకు రాసింది ఈ మనిషి పేరేనా? ఫారంలో వినికిడి గడి ఉంది. పరీక్ష చేసి నింపి పంపండి" అన్నాడు. జీపులు దుమ్ము లేపుకుంటా పోయినాయి.

గదిలో మోత పుట్టించే పెట్టె ఒకటి ఉండాది. మైకులను సరిచూసుకునేది. రామదాసు సారు హెడ్‌ఫోన్లు నూర్ అహమ్మద్ చెవులకు పెట్టి, "వినపడితే వేలెత్తు" అన్నాడు. పెట్టె మీది గుండ్రటి బిళ్ల తిప్పినాడు. బర్రె అరుపు మాదిరి మోత. వేలెత్తినాడు. ఇంకా తిప్పినాడు, సైకిలు బెల్లు మాదిరి. ఎత్తినాడు. ఇంకా తిప్పినాడు.

నూర్ అహమ్మద్ కాసేపు చూసి, "ఆపేసినారా సార్?" అన్నాడు.

"లేదు నూరన్నా."

మూల్లో స్టూలు మీద కూర్చున్న లింగప్ప తల వంచుకున్నాడు. ఆ హెడ్‌ఫోన్లలో నుంచి బయటికి కారే ఈల అంత దూరంలోని ఆయనకు గూడా వినపడతాంది.

రామదాసు సారు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టినాడు. తర్వాత మెల్లగా చెప్పినాడు. "మోతలో ఈ పై కొస నీ చెవిలో లేదు. కొంత మిల్లుల్లోనే పోయింటాది. మిగిలింది ఈడ పోయింది. నీకు రంపం అంత బాగా యట్ల వినపడిందో ఇప్పుడు తెలిసింది. మాకందరికీ ఈల అడ్డం. నీకు ఆ ఈల లేనే లేదు. అందుకే దాని కింది మోత నీకొక్కనికే వినపడింది."

నూర్ అహమ్మద్ ఆ మాటను నెమ్మదిగా లోపలికి తీసుకున్నాడు. అల్లా ఇచ్చిన చెవి అనుకున్నాడు ఇన్నాళ్లూ. అల్లా తీసుకున్న చెవి అది.

"సార్, ఒకటి అడగల్నా? చిన్నబిడ్డల కాళ్ల గజ్జెలు ఉంటాయే, వాటి మోత ఈ బిళ్ల మీద యాడుంటాది?"

రామదాసు సారుకు అర్థం కాలేదు. అయినా తిప్పినాడు. ఈల దాటి, ఇంకా పైకి. "ఈడీడ ఉంటాది." పెట్టె మీద ముల్లు ఊగుతాండాది. లింగప్ప చెవిలో వేలు పెట్టుకున్నాడు. నూర్ అహమ్మద్ ఆ ముల్లును చూస్తా కూర్చున్నాడు. ముల్లు ఊగుతాండాది, అంతే.

"పోస్టు లేదు గదా సార్," అన్నాడు కడాకు.

"వినికిడి లేనోన్ని తీసుకోకూడదని రూలు."

"మీ ఫ్యాను దగ్గరే పోయిందంటిరి గదా. దానికి పరిహారమేమన్నా ఇప్పిస్తారా?"

రామదాసు సారు రిజిస్టరు పక్క చూసినాడు. దాన్లో ఎనిమిది నెలల సంతకాలుండాయి, పొద్దుకొకటి. చెవి చిప్పలు ఏసుకున్నాను, నూర్ అహమ్మద్.

"తీసేయమన్నది మీరే గదా సార్."

"నేనే." ఆయన రిజిస్టరు మూసినాడు. "నేనే చెప్పినా నూరన్నా. ఆ మాట కాగితం మీద రాస్తే నా ఉద్యోగం పోతాది. నాకు రాసే ధైర్యం లేదు. నన్ను తిట్టు, పడతా."

తిట్టడానికి నూర్ అహమ్మద్‌కు మనసు రాలేదు. మెడలోని చిప్పలు తీసి బల్ల మీద పెట్టినాడు. "ఏడుపొస్తాండాది సార్. మీ ముందర ఏడవను," అని చెప్పి లేసినాడు. గుట్ట దిగేదాకా ఆగి, ఒక బండ మీద కూర్చుని ఏడ్చినాడు.

* * *

మర్నాడు బేస్తవారం. బిడ్డను భుజం మీద ఎక్కించుకుని సంతకు పోయినాడు. జేబులో భద్రమ్మ తిరిగిచ్చిన దుడ్లుండాయి. మెల్లగా ఇచ్చి, మెల్లగా గజ్జెలు తీసుకుని వచ్చేద్దామనుకున్నాడు. ఎవరికీ తెలియాల్సిన పని లేదు.

సంత మొగదాలలోనే పొట్టేలు పట్టుకుని నబీ సాబ్ కనపడినాడు. ఎప్పుడూ లేనిది మొగం కళకళలాడుతాండాది. "నూరూ! కళ్యాణదుర్గం పక్క నేల బాగా తడిసేటట్టు రెండు పదునుల వాన పడింది. జనం చెనిక్కాయ ఏస్తాండారు. ఇంకో వాన పడిందంటే పంట చేతికొచ్చినట్టే. మిల్లు దుమ్ము దులపాల. నీ చెవి సిద్ధమేనా?"

మూడేండ్లుగా వినాలని కాచుకున్న మాట అది. "సిద్ధమే సాబ్," అని నోరు దానంతటదే చెప్పింది.

రేకుల కింద భద్రమ్మ చోటులో ఎవరో ప్లాస్టిక్ బిందెలు పెట్టినారు. ఆమె గొర్రెల పక్క, ఎండలో, పెంటికల మధ్య గోనెపట్ట పరుచుకుని కూర్చునుండాది. తల మీద కొంగు. ముందర పూసలు, దువ్వెనలు, ఆ గజ్జెలు. కొనేవాళ్లు ఒక్కరూ లేరు. ఈయన్ను చూసి గజ్జెలను చేత్తో కప్పింది, మళ్లా గొడవకు వచ్చినాడనుకుని.

నూర్ అహమ్మద్ ఆమె ముందర గొంతుక్కూర్చుని దుడ్లు ఇవ్వబోయినాడు. "ఆ గజ్జెలు ఇయ్యమ్మా. అవి మంచివే. తప్పు నాది."

భద్రమ్మ దుడ్లు ముట్టలేదు. "అందరి ముందర మోసగత్తెను చేసి, ఇప్పుడు చెవిలో చెప్తావా సాయిబూ? నీ దుడ్లు నాకెందుకప్పా? నా నీడ నాకిప్పించు."

ఆమె అడిగింది చిన్నదే. ఒక్క కేక చాలు. అయితే ఆ కేక ఏస్తే నబీ సాబ్ వింటాడు. నబీ సాబ్ వింటే కళ్యాణదుర్గం వింటాది. చెవి పోయిన మెకానిక్కును ఏ మిల్లోడు పిలుస్తాడు? రంపం మోత, బేరింగు మోత ఆయనకు ఇంకా వినపడతానే ఉండాయి, ఇంకో పదేండ్లు ఎవరికీ తెలీకుండా గడిపేయొచ్చు. ఆ లెక్కంతా ఆయన మనసులో ఒక్క చుట్టు తిరిగింది. పైన భుజం మీద మేరాజ్, భద్రమ్మ చేతి కింది గజ్జెలను చూసి, "నా గల్ గల్!" అని చెయ్యి చాచింది.

నూర్ అహమ్మద్ లేసినాడు. గజ్జెల జత అడిగి తీసుకుని, తిరిగి రేకుల కిందికి నడిచినాడు. పోయిన వారం నిలబడిన చోటే నిలబడి, గజ్జెలు పైకెత్తి, పోయిన వారం కన్నా గట్టిగా అరిచినాడు.

"ఇనండప్పా! ఈ గజ్జెలకు మోత ఉండాది. మంచి మోత ఉండాది. పోయిన వారం మీకందరికీ వినపడింది, నాకొక్కనికే వినపడలేదు. ఎందుకంటే నా చెవులు పోయినాయి. నిన్న పెట్టె పెట్టి పరీక్ష చేసి చెప్పినారు. భద్రమ్మ తప్పు లేదు. ఆమె చోటు ఆమెకు ఇయ్యండి!"

గుత్తదారు బిందెల పక్క చెయ్యి ఊపినాడు. ప్లాస్టిక్ బిందెలోడు బిందెలు ఒక పక్కకు జరపడం మొదలుపెట్టినాడు. నబీ సాబ్ పొట్టేలు తాడు చేతికి చుట్టుకుంటా కాసేపు ఈయన పక్క చూసినాడు. తర్వాత మెల్లగా బస్టాండు పక్కకు నడిచిపోయినాడు. ఆయన పోయేది నూర్ అహమ్మద్ చూసినాడు. పిలవలేదు.

భద్రమ్మ గోనెపట్ట చంకలో పెట్టుకుని వచ్చి తన చోట్లో పరుచుకుంది. ఆమెకు కోపం పోయిందో లేదో చెప్పలేం. ఆయన చేతిలోని గజ్జెలు తీసుకుని, లేసి నిలబడి, ఆయన చెవి దగ్గర పెట్టి గట్టిగా ఊపింది. భుజం మీద మేరాజ్ కిలకిల నవ్వింది. ఆ నవ్వు వినపడింది.

"వినపడిందా సాయిబూ?" అని అడిగింది.

"లేదమ్మా," అన్నాడు నూర్ అహమ్మద్. బిడ్డను దించి ఆమె ముందర నిలబెట్టినాడు. "మంచి గజ్జెలు. బిడ్డ కాళ్లకు కట్టు."